చక్రాన్ని రెండు ముక్కలు చేసినవాళ్ళు

2019 డిసెంబరులో సిడ్నీ వెళ్ళాను. అక్కావాళ్ళు పారమాటా దగ్గర ఉంటారు. ఆపెరా హౌస్, హార్బర్ బ్రిడ్జి, బీచ్‌లు అన్నీ నాలుగు రోజుల్లో అయిపోయాయి. ఇంక ఏం చూడాలి అని అడిగితే బావ అన్నాడు, "పవర్‌హౌస్ మ్యూజియంకి వెళ్ళు. దాన్ని అక్కణ్ణించి ఎత్తేసి మా పారమాటాకి తెస్తామంటున్నారు. జనాలేమో వద్దని గొడవ చేస్తున్నారు. తర్వాత వస్తే ఉంటుందో లేదో."

మ్యూజియాన్ని ఎత్తేయడం ఏమిటో నాకు అర్థం కాలేదు. అక్కడ ఏముంటుంది అన్నాను.

"అన్నీ. సైన్సు, డిజైను, రైళ్ళు, విమానాలు, బట్టలు. పాత ఇంజన్లుంటాయి, నీకు నచ్చుతుంది. తాతయ్య మనవడివి కదా."

ఆ చివరి మాట బావ మామూలుగానే అన్నాడు. నేనే దాన్ని వెంట తీసుకుపోయాను.

సెంట్రల్ స్టేషన్‌లో దిగి, ట్రాములాంటి లైట్ రైల్ ఎక్కి, అల్టిమో అనే పేటలో దిగాను. మ్యూజియం ఉన్న భవనం ఒకప్పుడు నిజంగానే పవర్‌హౌస్. 1899లో మొదలైన ఆ కరెంటు కేంద్రం సిడ్నీ ట్రాములని నడిపింది. నగరం ట్రాములు వద్దనుకుని, 1961 ఫిబ్రవరిలో ఆఖరి ట్రాముని ఆపేసింది. పనికిరావనుకున్న ట్రాములని రాండ్విక్ యార్డులో వరసగా తగలబెట్టారు. రెండేళ్ళకి ఈ కేంద్రమూ మూతపడింది. పాతికేళ్ళ తర్వాత, 1988 మార్చిలో, అదే మ్యూజియంగా తెరుచుకుంది. నేనెక్కి వచ్చిన లైట్ రైల్ 1997లో మొదలైంది. ట్రాములని కాల్చేసిన ఊరు ముప్పై ఆరేళ్ళకి వాటిని కొత్త పేరుతో మళ్ళీ కొనుక్కుందన్నమాట.

మ్యూజియం మాత్రం భవనం కన్నా పాతది. 1879లో సిడ్నీలో అంతర్జాతీయ ప్రదర్శన జరిగింది. దానికోసం గార్డెన్ ప్యాలెస్ అని ఒక బ్రహ్మాండమైన భవనం కట్టారు. ప్రదర్శనలోని వస్తువులతో ఒక మ్యూజియం పెడదామనుకున్నారు. 1882 సెప్టెంబరు 22న ఆ ప్యాలెస్ మొత్తం కాలిపోయింది, దాంతోపాటు పోగేసిన సరుకంతా. మళ్ళీ మొదటినుంచి పోగెయ్యడం మొదలుపెట్టారు. అలా పోగేస్తున్న రోజుల్లో వాళ్ళకి దొరికిన ఒక వస్తువు గురించే ఈ వ్యాసం.

ముందు మిగతావి చెప్తాను. లోపల ఒక ఆవిరి రైలింజను ఉంది, లోకోమోటివ్ నంబర్ 1. ఇంగ్లండులో రాబర్ట్ స్టీఫెన్‌సన్ కంపెనీ 1854లో తయారుచేసింది. 1855 సెప్టెంబరులో న్యూ సౌత్ వేల్స్‌లో మొదటి రైలుని లాగింది. మన బోరీబందర్–ఠాణే రైలుకి రెండేళ్ళ తర్వాత, దక్షిణాదిలో మొదటిదైన రాయపురం–వాలాజా రోడ్డు రైలుకి ఏడాది ముందు. పైకప్పునుంచి ఒక కేటలినా విమానం వేలాడుతోంది, నీళ్ళమీద వాలేది. 1951లో పి.జి. టేలర్ దాన్ని ఆస్ట్రేలియానుంచి చిలీ దాకా, దక్షిణ పసిఫిక్ మీదుగా, నడిపించుకెళ్ళాడు. ఇంకోచోట ఒక పెద్ద గడియారం. ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్ చర్చిలో ఉన్న గడియారానికి నమూనా. రిచర్డ్ స్మిత్ అనే సిడ్నీ గడియారాల పనివాడు 1887–89 మధ్య చేశాడు. అసలు గడియారాన్ని అతను ఎప్పుడూ చూడలేదు. దాని గురించిన ఒక చిన్న పుస్తకం చూసి చేశాడు. గంట కొట్టే వేళకి బొమ్మలు కదులుతాయని జనం దానిముందు చేరారు. సాలార్‌జంగ్‌లో గడ్డం బొమ్మ బయటికొచ్చి గంట కొట్టే క్షణం కోసం కుర్చీల్లో కూచుని ఎదురుచూసే మన జనమే గుర్తొచ్చారు.

తర్వాత బౌల్టన్ అండ్ వాట్ ఇంజను దగ్గరికొచ్చాను.

ఇంజను అంటే మనకి రైలింజనే తోస్తుంది. ఇది అలా ఉండదు. ఇల్లంత ఎత్తు. పైన ఏతాములా ఒక పెద్ద దూలం. ఒక కొసన సిలిండరు, రెండో కొసన కిందికి దిగే కమ్మీ, దాని పక్కన మనిషికన్నా చాలా పెద్ద చక్రం. నేను వెళ్ళినప్పుడు ఆగే ఉంది. 1785లో లండన్‌లో విట్‌బ్రెడ్ వాళ్ళ బీరు తయారీ కార్ఖానాలో పెట్టారు దీన్ని. చక్రం తిప్పే ఆవిరి ఇంజన్లలో, ప్రపంచంలో ఇప్పటికి మిగిలినవాటిలో ఇదే అన్నిటికన్నా పాతది.

చక్రం తిప్పడమే ఇక్కడ ముఖ్యమైన విషయం. ఆవిరి ఇంజన్ని జేమ్స్ వాట్ కనిపెట్టాడని స్కూల్లో చదువుకున్నాం. కెటిల్ మూత కథ కూడా చెప్పేవారు. నిజానికి థామస్ న్యూకమెన్ ఇంజన్లు 1712నుంచే గనుల్లో నీళ్ళు తోడుతున్నాయి. గ్లాస్గో విశ్వవిద్యాలయంలో పరికరాలు బాగుచేసే వాట్ చేతికి, అలాంటి ఇంజను చిన్న నమూనా ఒకటి రిపేరుకొచ్చింది. ప్రతిసారీ సిలిండరుని వేడిచెయ్యడం, అందులోనే ఆవిరిని చల్లార్చడం, మళ్ళీ వేడిచెయ్యడం. బొగ్గంతా ఇక్కడే వృథా అవుతోందని అతనికి అర్థమైంది. ఆవిరిని చల్లార్చడానికి వేరే పాత్ర పెడితే సిలిండరు ఎప్పుడూ వేడిగానే ఉంటుందన్న ఆలోచన 1765లో వచ్చింది. 1769లో పేటెంటు. 1775నుంచి బర్మింగ్‌హామ్ వ్యాపారి మాథ్యూ బౌల్టన్‌తో భాగస్వామ్యం.

అప్పటికీ ఇంజను పని నీళ్ళు తోడడమే, పైకీ కిందికీ. కార్ఖానాకి కావలసింది గుండ్రంగా తిరిగే చక్రం. దానికి క్రాంకు ఉంటే చాలు, మన కుట్టు మిషను తొక్కుడు చక్రానికి ఉండేలాంటిదే. కానీ ఇంజన్లలో క్రాంకు వాడకం మీద అప్పటికే ఇంకొకడు పేటెంటు తీసుకున్నాడు. అందుకని వాట్ కంపెనీ 1781లో చుట్టుదారి వెతికింది. చక్రం ఇరుసుకి ఒక పళ్ళచక్రం, కమ్మీ చివర ఇంకో పళ్ళచక్రం. రెండోది మొదటిదాని చుట్టూ, సూర్యుడి చుట్టూ గ్రహంలా, తిరుగుతుంది. దాని పేరు కూడా అదే, 'సన్ అండ్ ప్లానెట్' గేరు. సిడ్నీలో ఇంజను పక్కన నిలబడితే అది కంటికెదురుగానే ఉంటుంది. దాని పుట్టుకకి కారణం ఒక పేటెంటు తగాదా.

విట్‌బ్రెడ్ కార్ఖానాలో అంతకుముందు గుర్రాల చక్రం ఉండేది. మన గానుగ లాంటిదే. గుర్రాలు గుండ్రంగా తిరుగుతుంటే పైన ఇరుసులు తిరిగి, బీరుకి కావలసిన ధాన్యాన్ని నలిపేవి. ఆ పనంతా ఇంజను తీసుకుంది. ధాన్యం నలపడం, నలిగినదాన్ని పైకెత్తడం, బీరు తోడడం, తొట్టెలో కలియబెట్టడం, బావిలోంచి నీళ్ళు తోడి మేడమీది ట్యాంకుకి ఎక్కించడం. 1787 మే నెలలో మూడో జార్జి రాజు రాణితో సహా వచ్చి ఈ వింత చూసి వెళ్ళాడు. బీరు కంపెనీకీ ఇంజను కంపెనీకీ పైసా ఖర్చులేని ప్రచారం.

ఈ ఇంజను బలం మొదట్లో 35 హార్స్ పవర్. పదేళ్ళకి మార్పులు చేసి 70కి పెంచారు. హార్స్ పవర్ అన్న కొలత కూడా వాట్ లెక్కగట్టిందే. నిమిషానికి 33,000 పౌన్ల బరువుని ఒక అడుగు ఎత్తు లేపితే ఒక గుర్రం. గుర్రాలని మాన్పించి ఇంజను అమ్మాలంటే, కొనేవాడికి అర్థమయ్యే లెక్క అదే. ఇలా చక్రం తిప్పే ఇంజన్లకి కంపెనీ ఏటా రుసుము కూడా గుర్రాల లెక్కనే వసూలు చేసేది. అంటే హార్స్ పవర్ పుట్టింది బిల్లు వెయ్యడానికి. ఇది తెలిసినప్పుడు నవ్వొచ్చింది. మా ఊళ్ళో ఎన్టీఆర్ హయాంలో రైతుల మోటారుకి హార్స్ పవర్‌కి ఏడాదికి యాభై రూపాయలని శ్లాబు పెట్టారు. ఐదు గుర్రాల మోటారు, రెండొందల యాభై. గుర్రాన్ని దగ్గర్నించి చూడని రైతులు కూడా గుర్రాల లెక్కన బిల్లు కట్టారు.

ఆ పక్కనే ఇంకో మాట చదివాను. ఇంజను వచ్చాక కూడా విట్‌బ్రెడ్ వాళ్ళు గుర్రాల చక్రాన్ని వెంటనే తీసెయ్యలేదట. ఇంజను మొరాయిస్తే పనికొస్తుందని చాలా ఏళ్ళు అలాగే ఉంచారట.

నేను అక్కడ ఆగిపోయాను.

తాతయ్య తణుకు దగ్గర ఒక పల్లెటూళ్ళో రైస్ మిల్లు ఇంజను డ్రైవరు. ఇంజను డ్రైవరంటే అందరూ రైలనుకునేవారు. ఆయన కూడా వెంటనే కాదనేవాడు కాదు, ఒక నిమిషం ఆనందించి అప్పుడు చెప్పేవాడు. మిల్లుది ఆయిలింజను. పొద్దున్నే బ్లోలాంపుతో దాని తలకాయ ఎర్రగా కాల్చి, చక్రం ఆకులు పట్టుకుని ఇద్దరు మనుషులు ఊపితే, నాలుగుసార్లు దగ్గి అందుకునేది. చక్రం సగం గోతిలో ఉండేది. దాన్నుంచి బెల్టు గోడ అవతలికి వెళ్ళి హల్లర్లని తిప్పేది. బెల్టు జారకుండా గుగ్గిలం పొడి చల్లేవారు. ఇంజన్ని చల్లార్చి వచ్చే నీళ్ళు తొట్టిలో పడి గోరువెచ్చగా ఉండేవి. చలికాలం మా పెదనాన్నలూ నాన్నా ఆ తొట్టి దగ్గరే స్నానాలు చేశారు. ఊళ్ళో ఆడవాళ్ళు దాని చప్పుడుని బట్టి పొద్దు ఎంతైందో చెప్పేవారని నాయనమ్మ అనేది.

తర్వాత మిల్లుకి కరెంటు మోటారు వచ్చింది. ఇంజన్ని తీసెయ్యలేదు. కరెంటు పోతే కావాలి కదా. తాతయ్యనీ తీసెయ్యలేదు, అదే కారణంతో. రోజూ వెళ్ళి ఇంజన్ని తుడిచి, నూనె పోసి, కరెంటు ఎప్పుడు పోతుందా అని కూచునేవాడు. ఆ రోజుల్లో కరెంటు బాగానే పోయేది, అది ఆయన అదృష్టం. లండన్‌లో గుర్రాల చక్రానిదీ పశ్చిమ గోదావరిలో తాతయ్యదీ ఒకటే ఉద్యోగం. కొత్తది పాడైతే ఉంటుందని ఉంచిన పాతది.

2003 ఎండాకాలంలో మిల్లు చేతులు మారింది. నేను ఇంజనీరింగ్ రెండో ఏడు అయిపోయి సెలవులకొచ్చాను. కొత్తవాళ్ళు ఇంజన్ని పాత ఇనుముకి అమ్మేశారు. గ్యాస్ కట్టర్లు తెచ్చారు. చక్రం గోతిలోంచి పైకి రాలేదు, గోతిలోనే కోశారు. తాతయ్య చూడ్డానికి వెళ్తానంటే నేనే తీసుకెళ్ళాను. ఆయన ఏమీ అనలేదు. చక్రం రెండు ముక్కలై పడిపోయాక, మూల గూట్లో ఉన్న నూనె డబ్బా, పొడుగు మూతి ఉన్నది, తెచ్చుకుంటానని అడిగాడు. తీసుకోమన్నారు. అంతే. ఇంజను మీద ఇత్తడి పలక ఉండేది, కంపెనీ పేరూ నంబరూ అచ్చు వేసి. అది ఇత్తడి కాబట్టి అందరికన్నా ముందే ఎవరో విప్పుకుపోయారు. ఆ ఇంజను ఏ దేశంలో, ఏ ఏడు తయారైందో చెప్పే కాగితం ఒక్కటి కూడా మా ఇంట్లో లేదు. తాతయ్య దాన్ని ఎప్పుడూ 'మన ఇంజను' అనే అన్నాడు. ఆయన 2009లో పోయారు.

మెకానికల్ ఇంజనీరింగ్ చదువుతున్న నాకు ఆ రోజు 'ఇది మాకివ్వండి' అనో, 'మా కాలేజీకివ్వండి' అనో అడగాలని తోచలేదు. అడిగితే ఇచ్చేవారని కాదు. తోచనే లేదు. పైగా ఇంటికొస్తూ, ఆ ఇనుము ఎన్ని టన్నులుంటుందో లెక్కగట్టి తాతయ్యకి చెప్పాను కూడా.

లండన్ ఇంజను నూటరెండేళ్ళు పనిచేసి 1887లో ఆగింది. దాన్నీ పాత ఇనుముకి పంపేద్దామనే అనుకున్నారు. అప్పుడు ఆర్చిబాల్డ్ లివర్సిడ్జ్ అనే ఆయన లండన్‌లో ఉన్నాడు. సిడ్నీ విశ్వవిద్యాలయంలో కెమిస్ట్రీ ప్రొఫెసరు, కొత్తగా పోగవుతున్న మ్యూజియానికి ట్రస్టీ. సంగతి విని, మా మ్యూజియానికి ఇస్తారా అని అడిగాడు. నిలబెట్టి చదువుకి వాడతామంటే ఇస్తామన్నారు విట్‌బ్రెడ్ వాళ్ళు. విడగొట్టి పేట్రియార్క్ అనే తెరచాప ఓడలో ఎక్కించారు. చక్రం ఓడలోకి పట్టాలి కదా. అంచుకి బోల్టులున్నాయి, విప్పారు. ఆకులూ నడుమూ మాత్రం ఒకటే పోత. దాన్ని కోసి రెండు చేశారు. సిడ్నీలో మళ్ళీ కలిపారు.

కొయ్యడం అక్కడా ఉంది, ఇక్కడా ఉంది. వాళ్ళు మళ్ళీ కలపాలని కోశారు.

వచ్చిన వెంటనే దాన్ని నిలబెట్టారనుకోకండి. డబ్బుల్లేక కొన్నేళ్ళు ముక్కలుగానే పడి ఉంది. తర్వాత మ్యూజియం వెనకాల ఒక ఇంజను గది కట్టి నిలబెట్టారు. జనానికి కదులుతూ కనబడాలని ఒకప్పుడు కరెంటు మోటారు పెట్టి తిప్పారు. 1980లలో బాగుచేసి మళ్ళీ ఆవిరితో నడిచేలా చేశారు. ఒక మనిషి అడిగిన ఒక్క ప్రశ్న సరిపోలేదు. ఆ తర్వాత నూరేళ్ళు ఎవరో ఒకరు దాన్ని పట్టించుకోవలసి వచ్చింది.

ఇదంతా మురిసిపోతూ చదువుతున్నా ఒక చిరాకు మాత్రం వదల్లేదు. 1788లో ఇంగ్లీషువాళ్ళ ఓడలు ఈ రేవులోకి వచ్చి, గాడిగల్ ప్రజల నేలమీద ఊరు కట్టడం మొదలుపెట్టాయి. ఇంజను 1888లో మ్యూజియానికి దక్కింది, 1988లో ఈ భవనానికొచ్చింది. ఆ వందల లెక్కంతా వచ్చినవాళ్ళ పండగలదే. ఇదే కంపెనీ ఇంజన్లు కరీబియన్ దీవుల్లో బానిసలు పండించిన చెరకునీ పిండాయి. ఆవిరితో నడిచిన ఇంగ్లీషు మిల్లుల నూలూ బట్టా మచిలీపట్నం లాంటి మన రేవుల అద్దకం, నేత పనివాళ్ళ తిండి లాక్కున్నాయి. దీన్ని ముద్దుగా చూసుకుంటున్నప్పుడు అదీ గుర్తుండాలి. అయినా ఇది మిగిలింది కాబట్టే, దీని ఎదురుగా నిలబడి ఈ మాటలన్నీ అనగలుగుతున్నాం. మిల్లు ఇంజన్ని పొగడాలన్నా తిట్టాలన్నా నాకు ఏదీ లేదు.

మన దగ్గర యంత్రాలని దాచుకోవడం తెలియదని అనను. విశాఖ బీచ్‌లో కురుసుర జలాంతర్గామిని 2001లో సర్వీసునుంచి తప్పించి, ఏడాదిన్నర తిరక్కుండానే ఇసకమీదికి లాగి మ్యూజియం చేశారు. దానికి ఎదురుగా విమానం కూడా ఉంది. ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం ఉంది. యుద్ధానివి, ప్రభుత్వానివి, దొరలవి మిగుల్తాయి. నాలుగూళ్ళ ధాన్యం ఆడించిన ఆయిలింజను, దాన్ని ముప్పై ఏళ్ళు తుడిచిన మనిషి, ఈ లెక్కలోకి రారు. ఆ ఇంజన్లు డెల్టాలో ఊరికొకటి చొప్పున ఉండేవి. అన్ని ఉండడం వల్లే ఏ ఒక్కటీ దాచాలని ఎవరికీ అనిపించలేదేమో.

సాయంత్రం అక్కావాళ్ళింటికి వచ్చాక బావ అడిగాడు, "ఎలా ఉంది? మా ఊరికి తెమ్మంటావా?"

"ఆ ఇంజన్ని మాత్రం మళ్ళీ విప్పొద్దని చెప్పు," అన్నాను.

"నా మాటెవరు వింటారు?" అని నవ్వాడు. అక్క మాత్రం, "తాతయ్య నూనె డబ్బా ఏదిరా?" అంది. పదేళ్ళలో ఆ మాట మా ఇంట్లో ఎవరూ అడగలేదు.

2020 జులైలో అక్కడి ప్రభుత్వం మనసు మార్చుకుంది. అల్టిమో మ్యూజియాన్ని ఎత్తెయ్యడం లేదు, పారమాటాలో వేరేది కడతామంది. జనం ఐదేళ్ళు పోట్లాడితే జరిగింది అది. 2024 ఫిబ్రవరిలో అల్టిమో భవనాన్ని బాగుచెయ్యడానికి మూశారు.

నూనె డబ్బా అటకమీద దొరికింది, ఇత్తడి చెంబుల మధ్య. మూతి కొంచెం వంగింది. పోయినేడు సంక్రాంతికి నాన్ననీ, మిల్లులో హల్లరు దగ్గర పనిచేసిన ఒక పెద్దాయన్నీ కూచోబెట్టి, ఫోన్లో రికార్డు చేసుకుంటూ అడిగాను. చక్రం ఎంత ఎత్తు, ఎన్ని ఆకులు, ఏ రంగు, పొద్దున్నే ముందు ఏం చేసేవారు, ఆపేటప్పుడు ఏం చేసేవారు. ఆకులు ఆరని నాన్న, ఎనిమిదని పెద్దాయన. అరగంట వాదించుకున్నారు. రంగు మాత్రం ఇద్దరూ ముదురు ఆకుపచ్చే అన్నారు.

తర్వాత ఒక అట్టముక్క కోసి డబ్బా మెడకి కట్టాను. మ్యూజియంలో రాసినట్టే రాశాను. 'నూనె డబ్బా. రేకు. రైస్ మిల్లు ఆయిలింజనుకి వాడినది. వాడినవారు, మా తాతయ్య. ఇంజను 2003లో పాత ఇనుము కింద అమ్ముడైంది. ఆకుపచ్చ రంగు. చక్రానికి ఆకులు ఆరు లేక ఎనిమిది.'